మా పొడిగాలికి గిరాకీ

ముందు పోయినవి చెప్పేస్తాను. గాజు పలకల మీద అప్పుడే పరిచిన పాలిమర్ పొరలు, పద్దెనిమిది. వాటిలోకి పోయిన తెల్లపొడి వంద గ్రాములు, దాన్ని కరిగించిన మందు ముప్పాతిక సీసా. అక్క కుడికాలి చెప్పు. అది కాలవలో పడి ఎర్రనీళ్లతో పాటు వెళ్లిపోయింది. నా కళ్లజోడులో ఎడమ అద్దం. మిద్దె మీద ఆరేసిన సగ్గుబియ్యం వడియాలు ఒక చాపెడు. ఒకటిన్నర రోజు కరెంటు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ వారంలో వాన పడదని నేను వేసిన లెక్క ఒక ఎత్తు. అదీ పోయింది. ఇన్ని పోతున్న ఆ అరగంటలో నేను ఎక్కడున్నానంటే, నలభై ఆరేళ్ల మనిషిని, వీధి నడిమధ్యలో లుంగీ ఎగ్గట్టి గంతులేస్తున్నాను.

మాది ధర్మవరం. పదో తరగతితో చదువు ఆపి ఒక పట్టుచీరల కొట్లో లెక్కలు రాయడానికి కుదిరాను. లెక్క నాకు ఎవరూ నేర్పలేదు, జలుబులాగా అంటుకుంది. బస్సెక్కితే కరెంటు స్తంభాలు లెక్కపెడతాను, పెళ్లికి వెళితే పంక్తికి ఎన్ని విస్తళ్లో చూస్తాను. తర్వాత మగ్గాలకు డిజైన్ చెప్పే ఎలక్ట్రానిక్ డబ్బాలు వచ్చినప్పుడు, పాడైనవాటిని విప్పి, వోల్టులు కొలుచుకుంటూ బాగుచేయడం కూడా అలాగే పట్టుబడింది.

అక్క నాకంటే మూడేళ్లు పెద్ద. ఒకే ఇంటికి రెండు వాకిళ్లు పెట్టుకుని పక్కపక్కనే ఉంటాం. తన ముందుగదిలో గుంతమగ్గం మీద పాతికేళ్లు చీరలు నేసింది. కుడి మణికట్టు వాచిపోయి, ఇక మగ్గం ముట్టొద్దని డాక్టరు చెప్పేశాడు. పొద్దున్నే మా వీధి చివర ఆగే గార్మెంట్స్ కంపెనీ బస్సులో వెళ్లి, రోజంతా నిలబడి చొక్కాలకు దారాలు కత్తిరించే పనికి పేరు ఇచ్చి వచ్చింది. వచ్చిన రోజు అన్నం తినలేదు. ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఏదైనా కుదిరితే ఆ బస్సు ఎక్కనక్కర లేదు. కుదరకపోతే ఎక్కాలి.

ఆ రోజుల్లోనే బెంగళూరు నుంచి ఒక ఇంజనీరు అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మగ్గం డబ్బాల గురించి ఎవరో నా పేరు చెబితే వెతుక్కుంటూ వచ్చింది. వాళ్లది చిన్న కంపెనీ. ఆసుపత్రి మంచాల మీద పరుపు కింద పెడితే, పడుకున్నవాళ్ల ఊపిరి లెక్కపెట్టే పట్టీ తయారుచేస్తున్నారు. ఊపిరిని లెక్కపెట్టే వస్తువు అనగానే నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. ఆ పట్టీకి ప్రాణం, వెంట్రుక మందం కూడా లేని ఒక పాలిమర్ పొర. దాన్ని నొక్కినా వంచినా తనంతట తానే చిటికెడు కరెంటు పుట్టిస్తుంది. ఇంజనీర్లు ఆ గుణాన్ని పీజో అంటారు. ఊపిరి తీసినప్పుడల్లా పొర కాస్త కదులుతుంది, కదిలితే వోల్టు లేస్తుంది, లేచిన ప్రతిసారీ డబ్బాలో ఒక అంకె పెరుగుతుంది.

ఆమె ముఖం కడుక్కుని చేతిరుమాలు కుర్చీ వెనక ఆరేసింది. అక్క కాఫీ ఇచ్చింది. గ్లాసు కింద పెట్టి చూసుకుంటే రుమాలు అప్పడంలా ఉంది.

“ఇదేంది అక్కా, కాఫీ అయ్యే లోపల ఆరిపోయింది?”

“ఈడ అంతే పాపా,” అంది అక్క. “ఈడ ఏడ్చినా కండ్లనీళ్లు చెంప దాకా రావు. నడిమధ్యలోనే ఆరిపోతాయి.”

ఆ అమ్మాయి నవ్వుతూనే సంచిలోంచి అగ్గిపెట్టెంత మీటరు తీసి గాలిలో తేమ చూసింది. నవ్వు ఆగిపోయింది. ఇంకోసారి చూసింది. పొరకు పరమ శత్రువు తేమేనట. పరిచిన పొర ఆరేలోపు గాలిలో తడి తగిలితే తెల్లగా విరిగిపోతుంది, ఇక పనికిరాదు. బెంగళూరులో మబ్బు పట్టిన ప్రతిరోజూ వాళ్ల పొరలు చెడిపోతున్నాయి.

“మా ఆఫీసులో ఈ అంకె కోసం ఒక మెషిన్ పెట్టినాము అన్నా. రోజంతా గుర్రుగుర్రుమంటా తిరుగుతాది. అయినా రాదు. మీకు ఊరికే వస్తాంది!”

ఇన్నేళ్లలో మా ఊరికి చీరల కోసం వచ్చినవాళ్లను చూశాను. పుట్టపర్తికి పోతూ దారి అడిగినవాళ్లను చూశాను. కరువు బావుందని మెచ్చుకుని, దాన్ని కిరాయికి ఇస్తారా అని అడిగిన మనిషిని మాత్రం అప్పుడే చూశాను. ఆ సాయంత్రం వీధిలో ఎవరు పలకరించినా ఊరికే నవ్వొచ్చింది.

మగ్గం గుంత పలకలతో కప్పి, అక్క ముందుగదినే కార్ఖానా చేశాం. ఆ అమ్మాయి వారానికోసారి వచ్చి నేర్పింది. ఇడ్లీరవ్వ కంటే మెత్తటి తెల్లపొడిని మందులో కరిగిస్తే పల్చటి పాకం వస్తుంది. ఆ మందుకు ఎండుచేపల వాసన. చేప వండి ఎరుగని ఇల్లు మాది. మూతికి ముసుగులు, చేతులకు తొడుగులు, వాసన బయటికి లాగే ఫ్యాను, గొట్టం అన్నీ అమర్చుకున్నా, పక్కింటావిడ మా అక్కను కొన్నాళ్లు అనుమానంగానే చూసింది. పాకాన్ని గాజు పలక మీద పోసి, సన్నటి సందు ఉన్న కత్తితో ఒక్క లాగుడులో పరవాలి. వెచ్చగా ఆరనిచ్చి ఒలిస్తే పొర వస్తుంది. దాన్ని వేడిపెట్టెలో సాగదీయాలి, నాలుగింతలు పొడవయ్యేలా. చివరికి రెండు వైపులా వెండిపూత పూసి, మూత తెరిస్తే దానంతటదే ఆగిపోయే పెట్టెలో పెట్టి, వేల వోల్టులు ఇవ్వాలి. అప్పటిదాకా తలోదిక్కు చూస్తున్న అణువులన్నీ ఒకే వైపు తిరుగుతాయి. బడిలో పంతులు వచ్చినట్టన్నమాట.

సాగదీయడంలో నాకు చేయి కుదరలేదు. మర ఎంత నెమ్మదిగా తిప్పినా పొర నడుమ సన్నబడి చిరిగేది. అక్క పట్టుకుంటే చిరిగేది కాదు. పట్టు పడుగును వీధిలో రెండు గుంజల మధ్య సాగదీసినప్పుడు ఎక్కడ బిగువో ఎక్కడ వదులో అరచేతికి తెలుస్తుందట. మణికట్టుకు బరువు లేని పని కాబట్టి నొప్పీ లేదు. తన పని దొరికిందని అక్క మురిసిపోయింది. మురిపెం ఎక్కువై, మొట్టమొదటి మంచి పొరకు, కొత్త పడుగుకు పెట్టినట్టే, మూలన పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. నేను చూసుకోకుండా దాన్ని వోల్టుల పెట్టెలో పెట్టాను. చిటుక్కుమంది. మూత తీసి చూస్తే బొట్టు ఉన్నచోట బొట్టంత చిల్లు.

ఫోనులో చెబితే ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక, “అక్కా, బొట్టు పెట్టెకు పెట్టండి,” అంది.

“పెట్టెకూ పెడతా, నీకూ పెడతా, నువ్వు రా పాపా ముందు,” అంది అక్క.

రెండు నెలలకు చేయి తిరిగింది. అప్పుడు అసలు పరీక్ష వచ్చింది. శనివారానికి ఇరవై నాలుగు మంచి పొరలు కావాలి. అవి కుదిరితే ప్రతినెలా పని మాకే. కుదరకపోతే కంపెనీ వాళ్లు విదేశాల నుంచి తెప్పించుకుంటారు. ఆ మరుసటి సోమవారం నుంచి రావాలని గార్మెంట్స్ వాళ్లు కూడా అక్కకు కబురు పెట్టారు. శనివారం, సోమవారం, మధ్యలో ఒక్క ఆదివారం.

నేను కాగితం తీసి లెక్క వేశాను. ఆరు పొరలు అప్పటికే తయారు. మంగళవారం పద్దెనిమిది పరవాలి, బుధవారం ఒలిచి సాగదీయాలి, గురువారం వోల్టులు. రెండు రోజులు మిగులు. చెడిపోతే మళ్లీ పరవడానికి ఎంత పడుతుందో వేశాను, కరెంటు పోతే ఎంతో వేశాను. వానకు సున్నా వేశాను. వేరే ఊరివాడైతే అక్కడ ఏదో ఒక అంకె వేసి ఉండేవాడు. మా వైపు పుట్టినవాడి చేయి ఆ చోట సున్నాయే రాస్తుంది.

మంగళవారం మధ్యాహ్నానికి పద్దెనిమిది పలకలూ పరిచి వరసగా పెట్టాం. అద్దాల్లా మెరుస్తున్నాయి. తలుపు మూసి, దాని మీద “తలుపు తీయరాదు” అని నేనే రాసిన అట్ట తగిలించి, లోపలే కూర్చున్నాం. కాసేపటికి గది నల్లబడింది. ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది. ఆ వెంటనే వాకిలి ముందు దింపిన రేకుల మీద టప్ అని ఒకటి. మళ్లీ ఒకటి. అక్క నా వైపు చూసింది.

“రేయ్, కోతులా?”

“కోతులకు ఇంత చిన్న కాళ్లు ఉండవు అక్కా.”

తలుపు సందులోంచి మట్టివాసన వచ్చింది. అంతే. మా ఊళ్లో తొలివాన వాసనకు తలుపు మూసుకుని కూర్చున్న ఇల్లు ఒక్కటీ ఉండదు. వాన వస్తే తలుపులు, కిటికీలు, పెట్టెలు, అన్నీ తెరుస్తాం; చుట్టం వాకిట్లో నిలబడితే తలుపు వేసుకుంటామా! అక్క లేచింది. అట్ట సంగతి నాకూ గుర్తు రాలేదు, తనకూ రాలేదు. రెండు రెక్కలూ బార్లా తీసి, కిటికీ కూడా తీసి, ఒక్క అంగలో వీధిలో పడింది. వెనకే నేను. వీధంతా అక్కడే ఉంది. చీరల మూటలు తలమీద పెట్టుకున్నవాళ్లు, సగం గడ్డం గీయించుకున్నవాళ్లు, చంకలో పిల్లలున్నవాళ్లు. మూల కిరాణా కొట్టు యజమాని గల్లాపెట్టె వదిలేసి వచ్చి చేతులు చాచి నిలబడ్డాడు. ఎవరో పళ్లెం వాయించారు. అక్క చెప్పు అప్పుడే పోయింది. నా కళ్లజోడుకు ఎవరి మోచేయి తగిలిందో తెలియదు.

తడిసి ముద్దయి, ఆయాసంతో నవ్వుకుంటూ వెనక్కి వచ్చాం. గడప దగ్గర అక్క ఆగిపోయింది.

“రేయ్. ఇవేందిరా, పెరుగు తోడుకున్నట్ల అయినాయి?”

పద్దెనిమిదీ తెల్లగా, మీగడ కట్టినట్టు ఉన్నాయి. వాటి మీదుగా చల్లటి తడిగాలి హాయిగా వీస్తోంది. నేను తలుపు వైపు చూశాను. అట్ట ఇంకా వేలాడుతోంది. ముందు అక్కకు నవ్వు వచ్చింది, తర్వాత నాకు. గోడకు ఆనుకుని నవ్వాం. కిరాణా కొట్టాయన తొంగిచూసి, “ఏమప్పా, ఏమైంది?” అన్నాడు.

“వాన పడి మా సరుకు పోయిందన్నా.”

“వాన పడి పోయిందా!” ఆయన నోరు తెరిచాడు. “ఈ జిల్లాలో ఇట్లాంటి మాట చెప్పినోడివి నువ్వొక్కడివే అప్పా. మెల్లగా చెప్పు, పైన ఇనబడితే నిలిచిపోతాది.”

నవ్వు అయ్యాక అక్క తల తుడుచుకుంటూ, “సోమవారం ఆ బస్సుకు ఏ చీర కట్టుకోవాల్నో,” అంది. అప్పుడు నాకు నవ్వు రాలేదు. ఇది తుపాను వాన, మూడు నాలుగు రోజులు ఉంటుందని ఫోనులో చెబుతున్నారు. మా పొడిగాలి మమ్మల్ని వదిలి వెళ్లిపోయింది.

బుధవారం పొద్దున అక్క నిండా రాజుకున్న కుంపటి పట్టుకుని వచ్చింది. ముసురు పట్టిన రోజుల్లో పడుగు తడి లాగకుండా మగ్గం గుంతలో కుంపటి పెట్టడం నేతగాళ్ల అలవాటు.

“అక్కా! ఆడనే ఆగు! ఆ మందు ఆవిరికి అగ్గి తగిలితే మనమిద్దరం నేరుగా పైకే.”

“మరి తడి ఎట్ల పోవాల? ఊదితే పోతాదా?”

ఆ మాటతో నాకు లెక్కలు రాసిన చీరల కొట్టు గుర్తొచ్చింది. వానాకాలంలో జరీ నల్లబడకుండా మా షావుకారు చీరల బీరువా అడుగున ఒక పళ్లెంలో సున్నపురాళ్లు పెట్టించేవాడు. కాల్చిన రాయి గాలిలో తడిని తాగేస్తుంది, తాగి తాగి పొడి అయిపోతుంది. కొట్టు మార్చినప్పుడు వాళ్లు పారేసిన గాజు బీరువా ఒకటి అక్క వంటింట్లోనే ఉంది, ఊరగాయ జాడీలతో. తొమ్మిది అరలు. అరకు ఒక పలక, రెండు విడతలు, పద్దెనిమిది. నేను వేళ్లమీద లెక్క వేసే లోపే అక్క జాడీలు దింపడం మొదలుపెట్టింది.

పొడీ మందూ ఇంకోసారికి సరిపడా ఉన్నాయి, ఇక సున్నం కావాలి. కిరాణా కొట్టుకు తాళం. పక్కనే వాళ్ల ఇల్లు. ఆయన భార్య బయటికి వచ్చింది.

“మీ అన్న లేడప్పా. వజ్రకరూరుకు పోయినాడు. వాన పడె, ఇంగ నిలుస్తాడా?”

వాన పడితే మట్టి కడుక్కుపోయి చేలల్లో వజ్రాలు తేలతాయని వజ్రకరూరు వైపు జనం ఉరుకుతారు. ఈయన పొద్దున్నే మొదటి బస్సుకు పోయాడట.

“ఎన్నేండ్ల నుంచి పోతాండాడు వదినా?”

“పెండ్లయిన కాడ్నుంచి.”

“ఏమన్నా దొరికిందా?”

“ఓ, దొరికింది. జలుబు.” తాళం తీసి రెండు బస్తాలు చూపించింది. “తీసుకో. వజ్రం దొరికినాక సున్నం అమ్ముతాడా ఏంది!”

బీరువా కింద చిల్లులు వేసి, సున్నపురాళ్ల పళ్లెం పెట్టాను. వాసన లాగే గొట్టం పైన బిగించాను. లోపలికి వచ్చే గాలి రాళ్ల మీదుగా తప్ప రావడానికి దారి లేకుండా, తలుపు సందులకు అక్క పాత పట్టుచీర అంచులు అతికించింది. గురువారం తెల్లవారి కరెంటు వచ్చింది. బీరువాలో మీటరు పెట్టి, గాజులోంచి ఇద్దరం మొహాలు ఆనించి చూస్తూ కూర్చున్నాం. అంకె దిగుతోంది. దిగుతోంది. బయట జోరున వాన, బీరువాలో మాత్రం అసలైన అనంతపురం ఎండాకాలం.

మొదటి తొమ్మిదీ పరిచాం. అక్క తలుపు గడియ పెట్టి, గడియకు తన పాత చీర చెంగు ముడేసి, రెండో కొస నడుముకు కట్టుకుంది. “మళ్లీ వాసన వస్తే నన్ను నేనే నమ్మను,” అంది. తొమ్మిదిలో రెండు మబ్బుపట్టాయి. రెండో విడతలో అన్నీ అద్దాలే. మూడో విడతలో ఆ రెండూ పూర్తిచేశాం. శుక్రవారమంతా అక్క వేడిపెట్టె ముందు కూర్చుని సాగదీసింది. ఒక్కటి చిరగలేదు. శనివారం పొద్దున వోల్టుల పెట్టె ఒక్కసారి కూడా చిటుక్కుమనలేదు.

మధ్యాహ్నానికి ఆ అమ్మాయి గొడుగు తిరగబడి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బురదకాళ్లతో వచ్చింది. “మీ కరువు యాడికి పోయింది అన్నా?” అంటూనే పొరలు లెక్కపెట్టింది. ఇరవై నాలుగు. ఒక్కొక్కటీ బల్లకు అతికించి పెన్సిలుతో తట్టి చూసింది. కంప్యూటరులో గీత లేచి పడుతోంది. అక్క కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఇరవై నాలుగూ అయ్యాక, ఒకటి తీసి దుప్పటి మడత కింద పెట్టి, “అక్కా, దీని మీద పడుకోండి,” అంది.

అక్క పడుకుంది. డబ్బా మీద అంకెలు కదిలాయి. ఒకటి. రెండు. మూడు. మా అక్క ఊపిరి, అంకెల్లో! నేనూ మనసులో లెక్కపెడుతున్నాను, సరిగ్గా కలుస్తోంది. అక్క తల తిప్పి డబ్బా వైపు చూసి, “నేను ఇంత వేగిరం పీలుస్తాండానా?” అని నవ్వింది. అంకె ఎగిరి పదమూడుకు పోయింది.

“అక్కా, నవ్వొద్దండి!”

నవ్వొద్దంటే ఆగే నవ్వా అది! ఇరవై, ముప్పై ఆరు, యాభై. మంచం కిర్రుమంటోంది. ఆ అమ్మాయి కూడా పొట్ట పట్టుకుని నేల మీద కూర్చుంది. “సక్కత్తుగా ఉండాయి అక్కా, భలే ఉండాయి. ప్రతినెలా మీరే. రేపు ఇంకో బీరువా కూడా చూడండి.”

అక్క లేచి కూర్చుంది. కళ్ల నిండా నీళ్లు, ఆ రోజు గాలిలో తడి ఉంది కాబట్టి చెంపల మీదుగా దిగి, గడ్డం దాకా వచ్చాయి.

తర్వాత జరిగింది ఆ అమ్మాయి తప్పే. బయట చూరునీళ్లు ధారగా కారుతుంటే ఆమె ఊరుకోలేదు. ఒక పొరను చెక్కపలకకు అతికించి, పైన పల్చటి ప్లాస్టిక్ కప్పి, చూరు చివర మేకుతో బిగించి, తీగలు డబ్బాకు కలిపింది. వాన సన్నబడ్డ కొద్దీ చినుకులు విడివిడిగా పడసాగాయి. ఒక్కో చినుకుకు ఒక్కో అంకె. పుట్టి ఇన్నేళ్లకు నేను వానను చినుకు చినుకుగా లెక్కపెడుతున్నాను! వీధివాళ్లు గుమిగూడారు. “నూటా పది!” “నూటా పదకొండు!” అని అరుస్తున్నారు. ఉత్త చేతులతో వజ్రకరూరు నుంచి దిగిన కిరాణా కొట్టాయన తుమ్ముకుంటూ నిలబడి, “రెండొందలు దాటితే నాకు చెప్పండప్పా,” అన్నాడు.

సోమవారం బస్సు వచ్చి హారన్ కొట్టింది. అక్క వాకిట్లో నిలబడి, “పొండి అన్నా, నాకు ఈడనే పని ఉండాది,” అని చేయి ఊపింది.

ఆ శనివారం ఆ అమ్మాయి పొరలు సర్దుకున్నప్పుడు తేలినవి ఇరవై మూడు. ఇరవై నాలుగోది చూరుకే ఉంది. “నేను కొట్టినానా, నువ్వు కొట్టినావా మేకు? నీ లెక్కలోనే రాసుకో పాపా,” అంది అక్క. “మీ చూరుకు ఉండాది కదా అక్కా, మీదే బాకీ,” అంది ఆ అమ్మాయి. ఆ తర్వాత ఎన్ని నెలలు సరుకు పంపామో, ఎన్ని వందల పొరలు పోయాయో నా దగ్గర లెక్క ఉంది. ఒకటి ఎక్కువ చేసి పంపితే తీరిపోతుంది. అక్క పంపనివ్వదు, ఆ అమ్మాయి అడగడం మానదు. పార్సిల్ చీటీ అడుగున ప్రతిసారీ నేనే రాస్తాను, ఈ నెల కూడా రాశాను: బాకీ, ఒకటి.